కొత్తగా దొరికిన శాసనాన్ని పరిశోధన పత్రికకు పంపేముందు (నెల్లూరు, ప్రకాశం)

పినాకినీతీరం:
అందరికీ నమస్కారం. ఉదయగిరి వైపు ఒక పాత శివాలయం మండపంలో స్తంభశాసనం ఉంది. నాలుగు ముఖాల్లో మూడింటి మీద తెలుగు రాత, అడుగు భాగం బండపరుపు కిందికి పోయింది. శకవర్షం, సంవత్సరం పేరు చదవను వస్తున్నాయి. దాత పేరు సగం సున్నం పూత కింద ఉంది. "వెలుగులోకి కొత్త శాసనం" అని జిల్లా పేజీలో ఫోటోతో వార్త కూడా వచ్చేసింది. దీన్ని పద్ధతి ప్రకారం పరిశోధన పత్రికలో అచ్చు వేయించాలంటే ఏ వరసలో పోవాలి? తెలుగులో రాస్తే చెల్లుతుందా, ఇంగ్లీషులోనే రాయాలా? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

గుండ్లకమ్మ:
పినాకిని గారూ, మొదటి పని అది నిజంగా కొత్తదో కాదో తేల్చుకోవడం. మన రెండు జిల్లాల్లో "కొత్త" అని వార్తల్లోకి ఎక్కేవాటిలో కొన్ని నూరేళ్ళ కిందటే అచ్చయినవి. ఈ ప్రాంతానికి ఆ పని చాలా ముందుగా జరిగింది. బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి కలిసి నెల్లూరు జిల్లా రాగిరేకులు, రాతి శాసనాలను 1905లో మూడు సంపుటాలుగా మద్రాసులో వేశారు. అందులో వరస తాలూకాల ప్రకారం ఉంటుంది, ఒక్కో తాలూకాకు అంకెలు మళ్ళీ ఒకటి నుంచి మొదలవుతాయి. అందుకే పాత వ్యాసాల్లో "కందుకూరు 23", "ఒంగోలు 73" అనే తీరులో ప్రస్తావనలు కనబడతాయి.

వెతికేవాళ్ళు తప్పిపోయేది ఇక్కడే. అప్పటి నెల్లూరు జిల్లా ఇప్పటిది కాదు. ఒంగోలు, కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి శాసనాలన్నీ ఆ నెల్లూరు సంపుటాల్లోనే ఉన్నాయి. ఒంగోలు తాలూకా 1904లో గుంటూరుకు పోయింది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడింది, 1972లో ప్రకాశం పేరు పెట్టారు. మార్కాపురం, గిద్దలూరు అప్పటిదాకా కర్నూలు కింద ఉండేవి కాబట్టి వాటి శాసనాలకు కర్నూలు జాబితా చూడాలి. 2022 ఏప్రిల్‌లో కందుకూరు నెల్లూరుకూ అద్దంకి బాపట్లకూ మారాయి. ఆ తర్వాత కూడా సరిహద్దుల మాట ఆగలేదు. కాబట్టి మీ ఊరికి 1905 నాటి తాలూకా ఏదో ముందు రాసిపెట్టుకుని ఆ పేరుతో వెతకండి. ఊరి పేరు ఇంగ్లీషు స్పెల్లింగు మూడు నాలుగు రకాలుగా ఉంటుంది, ఒక్కదానితో వెతికి "లేదు" అనుకోవద్దు.

దాని తర్వాత చూడవలసినవి: రంగాచార్య 1919లో మూడు సంపుటాలుగా వేసిన మద్రాసు ప్రెసిడెన్సీ శాసనాల స్థలవారీ జాబితా, 1887 నుంచి ప్రభుత్వ శాసన విభాగం వేసిన వార్షిక శాసన నివేదికలు, దక్షిణ భారత శాసనాలు పదో సంపుటం (పూర్తిగా తెలుగు శాసనాలే, 1948), ఎపిగ్రాఫియా ఇండికా (శాసనపాఠాలు వేసిన పురావస్తు శాఖ సంపుటాలు) సూచికలు. వార్షిక నివేదికల్లో రాగిరేకులు ఒక అనుబంధంలో, రాతి శాసనాలు ఇంకో అనుబంధంలో ఉంటాయి. ప్రతిదానికీ ఊరు, చోటు, రాజు, తేదీ, రెండు మూడు వాక్యాల సారం ఇస్తారు. మూలపాఠం ఉండదు. మీ స్తంభం అక్కడ కనబడితే దాని అర్థం "నకలు (రాత మీద కాగితం పరిచి సిరాతో తీసే అచ్చు) తీశారు, సారం అచ్చయింది, పాఠం ఇంకా రాలేదు" అని. అప్పుడు మీ వ్యాసం "కొత్త శాసనం" కాదు, "ఫలానా సంవత్సరపు నివేదికలో ఫలానా అంకె శాసనానికి పూర్తి పాఠం". ఇది తక్కువ పని కాదు. నా లెక్కలో విలువైన పని ఇదే, ఎందుకంటే సారం మాత్రమే అచ్చయి పాఠం లేని శాసనాలు బోలెడు ఉన్నాయి.

వార్త సంగతి: పత్రికలో వచ్చిన ఫోటో ప్రచురణ కిందికి రాదు. పాఠం, కొలతలు, సరిచూసుకునే బొమ్మ మూడూ ఉంటేనే ఇంకొకరు మీ చదువును పరీక్షించగలుగుతారు. వార్త తేదీని అధోజ్ఞాపికలో పేర్కొంటే చాలు.

వెలిగొండ:
నకలు సంగతి నేను చెబుతా. ఎక్కువ తప్పులు జరిగేది దాంట్లోనే.

ముందు అనుమతి. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న గుడి అయితే వాళ్ళది, రాష్ట్ర శాఖ కింద ఉంటే వాళ్ళది, దేవాదాయ శాఖ గుడి అయితే కార్యనిర్వహణాధికారిది, రాతపూర్వకంగా తీసుకోండి. నోటిమాట ఆధారంగా తీసిన నకలును మంచి పత్రిక సంపాదకుడు అడ్డగిస్తాడు.

సామాను: మాప్లితో కాగితం లాంటి గట్టి, జిగురు పూత తక్కువ ఉన్న కాగితం, గుర్రపు వెంట్రుకల బిరుసు కుంచె, మెత్తటి బ్రష్షు, దూది నింపి గుడ్డ కట్టిన అద్దకం ఉండ, దీపపు మసితో చేసిన నల్ల సిరా, బకెట్టు నీళ్ళు. కాగితం రాత చుట్టూ ప్రతి వైపూ కనీసం 5 సెంటీమీటర్లు ఎక్కువ ఉండాలి, లేకపోతే చివరి అక్షరాల తలకట్లు పోతాయి.

రాయిని నీళ్ళతో, మెత్తటి బ్రష్షుతో మాత్రమే కడగాలి. తడిపిన కాగితం పరిచి, మధ్య నుంచి అంచులకు గాలి బుడగలు తోస్తూ కుంచెతో కొట్టాలి, అక్షరాల గాళ్ళలోకి కాగితం దిగేదాకా. చిరిగినచోట చిన్న తడి ముక్క వేసి మళ్ళీ కొట్టాలి. ఆ తర్వాత ఆగాలి. ఈ ఆగడంలోనే అంతా ఉంది: తడి ఎక్కువ ఉండగా సిరా అద్దితే గాళ్ళలోకి పాకి అక్షరం పూడిపోతుంది, పూర్తిగా ఆరనిస్తే కాగితం రాయిని వదిలేసి లేస్తుంది. చెయ్యి పెడితే చల్లగా ఉండి వేలికి తడి అంటని దశ సరైనది. మన ఎండలకు ఏప్రిల్, మే నెలల్లో బయటి రాయి మీద ఆ దశ నిమిషాల్లో దాటిపోతుంది. పొద్దున్నే మొదలుపెట్టండి, గాలి ఉంటే దుప్పటి అడ్డం కట్టండి. సిరా ఉండకు పల్చగా పట్టించి, ఒకేసారి నల్లగా కాకుండా రెండు మూడు విడతలుగా అద్దండి. ప్రతి ముఖానికీ రెండు నకళ్ళు తీయండి. ఒక నకలులో ముడత పడిన అక్షరం రెండోదాంట్లో తేటగా వస్తుంది.

మూడు ముఖాలను ఒక్క కాగితం మీద చుట్టి తీయవద్దు. అంచు దగ్గర అక్షరం ఏ ముఖానిదో తర్వాత తేలదు. ముఖానికి ఒకటి, వెనుక పెన్సిలుతో దిక్కు పేరు.

రాతిపలక:
వెలిగొండ అన్నా, మా వైపు చాలామంది ముగ్గు పిండో చాక్‌పీసో రుద్ది ఫోటో తీస్తారు. అక్షరాలు తెల్లగా భలే కనబడతాయి. అదెందుకు వద్దంటారు?

వెలిగొండ:
తమ్ముడూ, రెండు కారణాలు. పిండి రుద్దేవాడి చెయ్యి తాను ఊహించిన అక్షరం మీదుగానే పోతుంది. చిన్న పెచ్చు ఊడిన చోట కూడా తెల్లగా నిండి సున్నా లాగానో ఒత్తు లాగానో కనబడుతుంది. ఫోటో చూసేవాడికి రాయి కాదు, రుద్దినవాడి చదువు కనబడుతుంది. రెండోది, పిండి, నూనె, పసుపు రాతి రంధ్రాల్లోకి పోయి చీమలనూ నాచునూ పిలుస్తాయి. నిమ్మరసం, యాసిడ్ మాటే ఎత్తవద్దు. సున్నాన్ని ఉలితోనో కత్తితోనో గీకడం ఇంకా చేటు, సున్నంతో పాటు పైపొర లేచి వస్తుంది. సున్నం తీయడం శాఖలోని రసాయన విభాగం వాళ్ళ పని. అర్జీ పెట్టండి, అందాకా "సున్నం కింద ఉంది, చదవలేదు" అని రాస్తే ఏ పరువూ పోదు.

ఏటవాలు వెలుతురు చాలు. చీకటి పడ్డాక టార్చిలైటును రాతి తలానికి దాదాపు ఆనించినట్టు పక్క నుంచి పట్టి, కెమెరాను ఎదురుగా స్టాండు మీద బిగించి, ఎడమ, కుడి, పైన, కింద నుంచి నాలుగు ఫోటోలు తీయండి. నిలువు గీతలు పక్క వెలుతురులో, అడ్డ గీతలు పై వెలుతురులో లేస్తాయి. స్కేలు పలక ప్రతి ఫోటోలోనూ ఉండాలి.

అక్షరశాల:
పాఠం రాసే పద్ధతికి వస్తాను. శాసనంలోని ప్రతి పంక్తిని అలాగే విడగొట్టి పంక్తి సంఖ్య ఇవ్వాలి. మాట మధ్యలో పంక్తి విరిగితే మీరూ అక్కడే విరవాలి. శాసనంలో ఉన్న తప్పును మూలంలో దిద్దకూడదు.

గుర్తుల దగ్గర పెద్ద చిక్కు ఉంది. ఎపిగ్రాఫియా ఇండికా సంప్రదాయంలో చదరపు కుండలీకరణం [ ] అంటే అక్షరం దెబ్బతింది గానీ ఆనవాలు ఉంది, చదివాం అని. శాసనంలో లేనిదాన్ని సంపాదకుడు పూరిస్తే దానికి నక్షత్రం చేర్చి [ *] అని పెడతారు. దిద్దుబాటు ( ) లో వస్తుంది. గ్రీకు, లాటిన్ శాసనాల వాళ్ళు వాడే లైడెన్ పద్ధతి 1931లో కుదిరింది. దాంట్లో [ ] అంటే రాతి మీద పూర్తిగా పోయింది, సంపాదకుడు ఊహించి పూరించాడు అని. అనుమానపు అక్షరం కింద చుక్క పెడతారు, ( ) లో సంక్షిప్తాన్ని విడదీస్తారు, దిద్దుబాటు < > లో వస్తుంది. కంప్యూటర్ కోసం వాడే ఎపిడాక్ ఈ లైడెన్ మీదే కట్టినది. కాబట్టి ఒకే [ ] ఒకచోట "చూశాను" అని, ఇంకోచోట "చూడలేదు" అని చెబుతుంది. దాత పేరు సగం సున్నం కింద ఉన్న మీలాంటి శాసనంలో ఈ తేడా వల్ల లేని మనిషి చరిత్రలోకి వచ్చేస్తాడు. ఏ పద్ధతి వాడారో పాఠానికి పైన ఒక వాక్యంలో చెప్పండి, పత్రిక అడిగినా అడగకపోయినా.

ఇక టైపు. డీటీపీ సెంటర్లో అను ఫాంట్లలో కొట్టించి పంపవద్దు. అది యూనికోడ్ కాదు. మార్చేటప్పుడు ఒత్తులు తారుమారు అవుతాయి, పాత అక్షరాలు ఎగిరిపోతాయి. నేరుగా యూనికోడ్‌లో కొట్టండి. శాసనాల్లో కావలసినవి ఇప్పుడు ఉన్నాయి: ఱ మొదటి నుంచీ ఉంది, ఴ 2014లో, ౚ 2015లో, నకారపొల్లు (పాత రాతల్లో న్‌కు వాడే గుర్తు) 2021లో చేరాయి. అయితే అక్షరం ప్రమాణంలో ఉన్నంత మాత్రాన ఫాంటులో ఉన్నట్టు కాదు, చాలా ఫాంట్లు వీటికి ఖాళీ డబ్బా చూపిస్తాయి. వ్యాసంతో పాటు మీ దగ్గర సరిగ్గా కనబడిన పీడీఎఫ్ కూడా జత చేయండి. పదో శతాబ్దికి ముందువైతే ఱ, ౚ రెంటినీ కలిపేయవద్దు. అద్దంకి, కందుకూరుల్లోని చాళుక్య సేనాని పండరంగని శాసనాల కాలపు రాతలో ఆ తేడాయే భాషా చరిత్ర వాళ్ళకు కావలసింది.

ఇంగ్లీషు లిప్యంతరంలో రాస్తే ఐఎస్ఓ 15919 (మన లిపులను రోమన్ అక్షరాల్లో రాసే అంతర్జాతీయ ప్రమాణం) పద్ధతి మేలు. సంస్కృతానికి చేసిన పాత పద్ధతిలో ఎ-ఏ, ఒ-ఓ తేడా ఉండదు, ఎందుకంటే సంస్కృతంలో అవి దీర్ఘాలే. తెలుగు ఊరి పేర్లకు అది సరిపోదు.

రాతిపలక:
గూడూరు, సూళ్ళూరుపేట వైపు శాసనాలు చాలావరకు తమిళం, గ్రంథ లిపిలో (తమిళనాట సంస్కృతం రాసే లిపి) ఉంటాయి కదా. వాటికీ ఇదే పద్ధతేనా?

అక్షరశాల:
గుర్తులు అవే. లిప్యంతరంలో మాత్రం గ్రంథ అక్షరాలను వేరే తరహాలో, మామూలుగా లావు అక్షరాల్లోనో వాలు అక్షరాల్లోనో చూపాలి. తమిళ లిపి భాగం మామూలుగా ఉంచాలి. తమిళం చదవగల సహరచయిత లేకుండా తెలుగు అలవాటుతో ఊహించి చదవవద్దు.

తిథివారం:
శకవర్షం ఉందన్నారు కాబట్టి తేదీ లెక్క చెబుతాను, చాలామంది క్రీస్తుశకం కోసం 78 కలిపి వదిలేస్తారు.

ఉదాహరణకు గణపతిదేవుని మోటుపల్లి అభయశాసనం. హుల్ష్ ఎపిగ్రాఫియా ఇండికా పన్నెండో సంపుటంలో వేశాడు. శకం 1166, క్రోధి. 1166కు 78 కలిపితే 1244. మొన్న 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి దాకా నడిచింది కూడా క్రోధే. 2024లోంచి 1244 తీస్తే 780, అంటే సరిగ్గా 13 అరవైలు. శకవర్షమూ సంవత్సరం పేరూ పొసగాయి. కానీ క్రోధి ఉగాదికి మొదలై తర్వాతి ఏడాది మార్చి ప్రాంతంలో ముగుస్తుంది, అందుకే 1244-45 అని రాస్తారు. మాసం పుష్యం ఆఖరు, మాఘం, ఫాల్గుణం అయితే 79 కలిపే అవకాశం ఎక్కువ.

పేరూ వర్షమూ ఒక్క ఏడాది తేడాతో పొసగకపోతే వెంటనే "శాసనంలో తప్పు" అనకండి. శకవర్షం గతించినదా, నడుస్తున్నదా చూడండి. ఆ తర్వాత తిథి, వారం. స్వామికణ్ణు పిళ్ళె పంచాంగ పట్టికల్లో ఆ తిథి ఏ వారం పడిందో చూసుకోవాలి. వారం కుదిరితేనే రోజుతో సహా క్రీస్తుశకం తేదీ ఇవ్వండి. కుదరకపోతే ఏడాది మాత్రం ఇచ్చి, కుదరలేదని రాయండి. గ్రహణం చెప్పి ఉంటే అది ఇంకా గట్టి సాక్ష్యం. శకవర్షం అంకెల్లో కాక సంఖ్యను సూచించే సంకేత మాటల్లో ఉంటే కుడి నుంచి ఎడమకు చదవాలి: "రస ఋతు రుద్ర" అని ఉందనుకోండి, 6, 6, 11, తిప్పితే 1166.

పాతకాసు:
శాసనాల మాట అయ్యాక నాణేలు కూడా ఒకసారి చెప్పుకోవాలి, ఎందుకంటే నెల్లూరుకు ఈ విషయంలో పాత పాఠం ఉంది. 1780ల్లో నెల్లూరు దగ్గర ఒక రైతు నాగలికి ఇటుక కట్టడం తగిలితే తవ్వాడు. చిన్న గుడి ఆనవాళ్ళ కింద కుండలో రోమన్ బంగారు నాణేలు దొరికాయి. చాలావరకు పాత బంగారంగా అమ్ముడుపోయి కరిగిపోయాయి. మిగిలినవాటి గురించి అలెగ్జాండర్ డేవిడ్సన్ రాసిన ఉత్తరం ఏషియాటిక్ రిసెర్చెస్ రెండో సంపుటంలో అచ్చయింది. నాణేల మీది హాడ్రియన్ చక్రవర్తి, ఫౌస్టీనా రాణి పేర్లు మనకు తెలుసు. ఒక్కో నాణెం తూకం, కుండలో మొత్తం ఎన్ని, ఏ చక్రవర్తివి ఎన్ని అన్నది లేదు. అందువల్ల ఆ కుండ ఎప్పుడు పాతిపెట్టారో ఈనాటికీ గట్టిగా చెప్పలేం. కుండలోని అన్నిటికంటే కొత్త నాణెమే ఆ కాలానికి మొదటి హద్దు, అదే కరిగిపోయి ఉండొచ్చు.

ఇప్పుడు రాసేవాళ్ళు ప్రతి నాణేనికీ ఇవ్వవలసినవి: తూకం గ్రాములో నూరోవంతు దాకా, అడ్డుకొలత మిల్లీమీటర్లలో, ముందు వెనుక బొమ్మల దిశ గడియారం అంకెల్లో, రెండు వైపుల రాత, రోమన్ ఇంపీరియల్ కాయినేజ్ అనే నాణేల జాబితా గ్రంథంలోని సంఖ్య. రెండో శతాబ్దపు బంగారు నాణెం సుమారు 7.2 గ్రాములు ఉండాలి. బాగా తేడా ఉంటే అనుకరణేమో, కొస కోశారేమో, చెవి అతికారేమో చూడాలి. మన దేశంలో దొరికినవాటిలో రాజు తల మీద ఉలి గాటు తరచుగా ఉంటుంది, అది అరుగుదల కాదు, విడిగా రాయాలి. తోమవద్దు, చింతపండు అసలే వద్దు.

ఇంకొకటి, పొలంలో రాగిరేకులో నాణేలో బయటపడితే 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటినదాన్ని కలెక్టరుకు రాసి తెలపాలి. ఆ కాగితం లేకుండా వ్యాసం వేస్తే దొరికినవాడికి చిక్కు, మీకూ చిక్కు. రాగిరేకుల ఉంగరాన్ని ఫోటో కోసం కోయవద్దు. రేకుల కొలతలు, ఉంగరం, ముద్రతో సహా మొత్తం తూకం, ముద్ర మీది బొమ్మ ఇవ్వాలి.

పినాకినీతీరం:
పాతకాసు గారూ, చాలా ఉపయోగం. ఇక ఎక్కడికి పంపాలన్నది చెప్పండి. "నాలుగు రోజుల్లో అచ్చు, ఐఎస్ఎస్ఎన్ ఉంది, రెండు వేలు కట్టండి" అని మెయిళ్ళు వస్తున్నాయి.

గుండ్లకమ్మ:
వాటి జోలికి పోవద్దు. ఐఎస్ఎస్ఎన్ పత్రికకు గుర్తింపు సంఖ్య మాత్రమే, నాణ్యతకు సాక్ష్యం కాదు. నాలుగు రోజుల్లో శాసనపాఠాన్ని ఎవరూ పరిశీలించలేరు. యూజీసీ కేర్ జాబితా (యూజీసీ ఒప్పుకున్న పరిశోధన పత్రికల పట్టిక) 2019 నుంచి ఉండేది, 2025లో ఎత్తేశారు. కాబట్టి "కేర్ లిస్టెడ్" అని ఇప్పటికీ వేసుకునే పత్రికను ఇంకాస్త అనుమానంగా చూడాలి. సంపాదకవర్గంలో శాసనాలు చదివే మనిషి ఉన్నాడా, గత సంచికల్లో శాసనాల బొమ్మలు చదవగలిగేలా వేశారా, ఆ సంచికలు ఏ గ్రంథాలయంలోనైనా దొరుకుతాయా, ఈ మూడూ చూడండి.

శాసనాలకు సరైన చోటు భారతీయ పురాభిలేఖ పరిషత్తు వాళ్ళ పత్రిక. లేదంటే ఆంధ్రప్రదేశ్ హిస్టరీ కాంగ్రెస్‌లో చదివి వాళ్ళ సంపుటంలో వేయించవచ్చు. అయితే సమావేశ సంపుటాల్లో పుటల పరిమితి వల్ల మూలపాఠం కత్తిరించే ప్రమాదం ఉంది. పాఠం కత్తిరిస్తామంటే ఒప్పుకోవద్దు, చర్చను కుదించండి.

భాష విషయంలో నా అభిప్రాయం: పాఠం తెలుగు లిపిలోనూ లిప్యంతరంలోనూ, చర్చ ఇంగ్లీషులో. ఒకప్పుడు భారతి మాసపత్రికలో తెలుగులో వచ్చిన శాసన వ్యాసాలు ఎంత గట్టివైనా బయటివాళ్ళు పెద్దగా ఉటంకించలేకపోయారు.

వెలిగొండ:
ఇక్కడ నాది వేరే మాట. ఊరివాళ్ళు, గుడివాళ్ళు చదవలేని వ్యాసం వల్ల ఆ స్తంభానికి రక్షణ రాదు. ఇంగ్లీషు వ్యాసం అచ్చయ్యాక అదే పాఠాన్ని, మొదటి ప్రచురణను పేర్కొంటూ, పూర్తి తెలుగు తాత్పర్యంతో వేయాలి. పత్రికతో ముందే ఆ హక్కు అడిగి పెట్టుకోవాలి. మైసూరులోని కేంద్ర పురావస్తు శాఖ శాసన విభాగానికి ఒక నకలు పంపడం కూడా మరవొద్దు. వార్షిక నివేదికలోకి ఎక్కితే శాశ్వతమైన అంకె వస్తుంది.

గుండ్లకమ్మ:
రెండుసార్లు వేయడం పట్ల నాకు అభ్యంతరం లేదు, మొదటిదాన్ని దాచకపోతే.

అక్షరశాల:
బొమ్మల లెక్క. పుటలో 15 సెంటీమీటర్ల వెడల్పున అంగుళానికి 300 చుక్కల సాంద్రతతో అచ్చు కావాలంటే అడ్డంగా కనీసం 1,772 పిక్సెళ్ళు కావాలి. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే అది కుదించేస్తుంది, డాక్యుమెంటుగా పంపండి. స్తంభం ముఖం మీటరు ఎత్తు, అక్షరం 2 సెంటీమీటర్లు అనుకుంటే 20 సెంటీమీటర్ల పుటలో అక్షరం 4 మిల్లీమీటర్లు వస్తుంది, చదవచ్చు. మూడు మీటర్ల ముఖాన్ని అదే పుటలోకి కుక్కితే 1.3 మిల్లీమీటర్లే. అలాంటిదాన్ని మూడు ముక్కలుగా, ఒకటి రెండు పంక్తులు రెండింటిలోనూ వచ్చేలా వేయాలి. పత్రికలో చోటు లేకపోతే పూర్తి సైజు బొమ్మలను జెనోడో అనే పరిశోధన ఫైళ్ళ వెబ్‌సైటులో ఉచితంగా పెట్టి, అది ఇచ్చే డీఓఐని (శాశ్వత గుర్తింపు సంఖ్యను) వ్యాసంలో చేర్చండి.

రాతిపలక:
జీపీఎస్ అంకెలు ఇవ్వాలా?

పాతకాసు:
గుడిలో నిలబడి ఉన్న స్తంభానికి ఇవ్వొచ్చు. పొలంలో, కొండ మీద విడిగా ఉన్నవాటికీ, నాణేలు దొరికిన చోటికీ ఊరు, మండలం వరకే అచ్చులో ఇవ్వండి. సర్వే నంబరు, అంకెలు శాఖకు మాత్రం. గుప్తనిధుల కోసం తవ్వేవాళ్ళు కూడా చదువుతారు.

పినాకినీతీరం:
సరే. బటర్‌వర్త్ సంపుటాల్లో ఉదయగిరి భాగం ముందు పూర్తిగా చూస్తాను. స్తంభం చూపించిన పూజారి గారిని సహరచయితగా పెట్టాలా?

గుండ్లకమ్మ:
పాఠం చదవడంలోనో రాయడంలోనో పాలు ఉంటే సహరచయిత. చూపించినందుకు, నకలు తీయడానికి సాయపడినందుకు కృతజ్ఞతల్లో పేరు, అది కూడా ఆయన్ను అడిగి. నకలు తీసినవాళ్ళ పేరు బొమ్మ కిందే రావాలి.

అక్షరశాల:
ప్రూఫు వచ్చినప్పుడు ఒక మాట. దాన్ని మీ టైపు ప్రతితో సరిపోల్చవద్దు, నకలు ముందు పెట్టుకుని ఇంకొకరి చేత పంక్తి పంక్తి పైకి చదివించండి. పుట రెండు కాలమ్‌లుగా వేస్తే సాఫ్ట్‌వేరు మీ పంక్తులను తనకు నచ్చినచోట విరిచేస్తుంది, అప్పుడు పంక్తి 14 అని చర్చలో రాసింది పాఠంలో 17 దగ్గర ఉంటుంది. మూలపాఠాన్ని ఒకే కాలమ్‌లో వేయమని వ్యాసం పంపే ఉత్తరంలోనే రాయండి. [ ] లు, నక్షత్రాలు లెక్కపెట్టి ఎన్ని ఉన్నాయో ఆ ఉత్తరంలో ఇస్తే ప్రూఫులో ఎన్ని రాలిపోయాయో వాళ్ళకూ మీకూ వెంటనే తెలుస్తుంది.